సామేలు వేసిన బ్రేకు

కోరుట్లలో సామేలుకు నచ్చేటట్టు పని చేసిన మనిషి ఒక్కడూ లేడు. బీడీ కార్ఖానా వెనక వాడలో అతని ఇల్లు. ఇంటి పక్కన నాలుగు గుంజలు పాతి, పైన రేకులు వేసి, కింద నూనె తాగి తాగి నల్లబడ్డ నేల. వాడవాళ్లు దాన్ని గ్యారేజీ అనేవారు, సామేలు కొట్టం అనేవాడు. బోర్డు కట్టలేదు. బోర్డు కడితే తలమాసినవాళ్లంతా వస్తారని అతని భయం. బోర్డు లేకున్నా వాళ్లే వచ్చేవారు, ఆ సంగతి వేరు.

వచ్చిన బండి చుట్టూ ముందు ఒకసారి తిరిగేవాడు. అంతకుముందు ఎవడో చేసిన పని కంట పడగానే వాంతి వచ్చేవాడిలా ముఖం పెట్టేవాడు. పెట్రోలు ట్యాంకు కారుతుంటే సబ్బు రుద్ది పంపినవాడు, సైలెన్సరు ఊగుతుంటే కరెంటు తీగతో కట్టినవాడు, మర అరిగిన బోల్టును సుత్తితో దిగ్గొట్టినవాడు, వీళ్లందరినీ ముఖం చూడకుండానే తిట్టేవాడు. "థూ, వీడు అన్నం దింటుండా గడ్డి దింటుండా" అని పక్కకు ఉమ్మి అప్పుడు పానా చేతిలోకి తీసుకునేవాడు. బండి యజమాని ఎదురుగా ఉన్నా సరే, ఆ యజమానే ఆ తీగ కట్టినవాడైనా సరే.

అతను పుట్టింది ముస్తాబాద్ దగ్గర, గుంట భూమి లేని ఇంట్లో. తండ్రి పెద్దరైతు దగ్గర జీతం ఉన్నాడు. సామేలుకు పశువుల వెనక తిరగడం ఇష్టం లేక సిరిసిల్ల చేరి, బట్ట మూటలు మోసే లారీలు ఆగే షెడ్డులో పని నేర్చాడు. చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు. ఆ షెడ్డు సేటు పాత బేరింగును కిరసనాయిలుతో కడిగి, కొత్త డబ్బాలో పెట్టి అమ్మేవాడు. ఒకరోజు లారీ యజమాని ముందే సామేలు ఆ మాట అనేశాడు. ఆ పూటతో సిరిసిల్ల అన్నం చెల్లిపోయింది. జగిత్యాలలో ఇంకో షెడ్డు దొరికింది, అక్కడా ఇదే కథ. చివరికి రాజక్కను చేసుకుని కోరుట్లకు ఇల్లరికం వచ్చాక, ఇక ఎవడి కిందా చెయ్యనని ఆ కొట్టం వేసుకున్నాడు.

రాజక్క బీడీలు చుట్టేది. ఒళ్లో చేట పెట్టుకుని కూర్చుంటే తునికాకు, తంబాకు, దారం తప్ప ఆమెకు లోకం కనబడదనిపించేది కానీ అన్నీ కనబడేవి. ఆమె వేళ్లు ఆకును మడిచి దారం చుట్టి ముడి వేసే లోపల పక్కనున్న మనిషి తల గోక్కోవడం కూడా పూర్తయ్యేది కాదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఎక్కువగా ఆ వేళ్ల మీదే. సామేలుకు అది తెలుసు. మొత్తం కోరుట్లలో అతను తిట్టకుండా చూసే పని ఏదన్నా ఉందంటే అది రాజక్క బీడీ చుట్టడమే. ఆ మాట ఆమెతో మాత్రం ఎప్పుడూ అనలేదు.

మస్కట్ నుంచి తిరిగొచ్చిన సురేందర్ ఒక పాత 407 లారీ కొన్నాడు. మక్కలు, పసుపు కొమ్ములు మోసి బతుకుదామని. దాన్ని తానే బాగుచేసుకుంటానని సామేలు కొట్టంలో పెట్టి, ఒంటి మీద బనీనుతో కింద దూరాడు. ప్రతి బోల్టుకూ "మస్కట్ల గిట్ల చెయ్యరు కాకా" అనేవాడు. మస్కట్‌లో అతను చేసింది ఒంటెల కొట్టంలో నీళ్లు పోయడమని వాడ మొత్తానికీ తెలుసు. సామేలు వారం రోజులు ఓర్చుకుని, ఎనిమిదో రోజు ఆ మాట మళ్లీ అంటే పానా కాళ్ల మీద పడేస్తానన్నాడు. అప్పటినుంచి పని సాగింది. ఇంజను స్టార్టయింది, గేర్లు పడ్డాయి. మిగిలింది బ్రేకు. పెడలు తొక్కితే ఆయిలును చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరు విప్పి చూస్తే లోపలి రబ్బరు వాషర్లు చీకిపోయి చేతికి అంటుకున్నాయి. కొత్తవి వేస్తే బండి రోడ్డెక్కుతుంది.

సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బడులు మూతపడ్డాయి, దుకాణాల షట్టర్లు దిగాయి. కోరుట్లలో స్పేరు పార్టుల దుకాణం తెరవలేదు, జగిత్యాలలోనూ తెరవలేదు, కరీంనగర్ నుంచి పార్సిలు రాలేదు. సామేలుకు తెలంగాణ రావాలనే ఉంది. రోడ్డు మీద వంటావార్పూ అంటే పొయ్యి రాళ్లు మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు. కానీ ఆ ముచ్చట చెప్పే పెద్దమనుషులను చూస్తే మాత్రం పక్కకు ఉమ్మేవాడు. నిరాహార దీక్షలో మందిని తినొద్దని చెప్పి వాళ్లు టెంటు వెనక ఇడ్లీలు తినడం కళ్లారా చూశాడు. అందరికన్నా జలపతి అంటే ఎక్కువ రోత. జలపతి భూములున్న రైతు, ఊళ్లో సమ్మె నడిపే సంఘం నాయకుడు. ఉద్యమం రాకముందు ఇరవై ఏళ్లు "ఏ సామేలు" అని రోడ్డు మీద నిలబడే పిలిచినవాడు, ఉద్యమం వచ్చాక "సామేలన్నా" అంటూ కొట్టంలోకి వచ్చి స్టూలు మీద కూర్చోసాగాడు. ఆ అన్న అనే మాట వింటే సామేలుకు ఒళ్లంతా జిడ్డు పూసినట్టుండేది.

జగిత్యాలలో ఉద్యమం తరఫున ఆడవాళ్ల సభ పెట్టారు. కోరుట్ల నుంచి బీడీ కార్మికులు రావాలి. బస్సుల్లేవు, ఉన్న ట్రాక్టర్లు ఊళ్లకు పోయాయి. జలపతి కన్ను 407 మీద పడింది. బ్రేకు లేదని సామేలు చెప్పాడు. మెల్లగా పోతే ఏమవుతుందని జలపతి అడిగాడు. మెల్లగా పోయేది కూడా ఆగాలి కదా అని సామేలు అన్నాడు. మొదటి రోజు నవ్వి వెళ్లిపోయిన జలపతి రెండో రోజు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. స్టూలు మీద కూర్చోలేదు.

"నలభై మంది ఆడోళ్లు పోతమని కూసున్నరు. నువ్వొక్కనివి అడ్డం పడ్డవ్. ఇల్లరికం అచ్చినోనివి, కోరుట్ల ఇజ్జత్ నీకేం ఎర్క. ద్రోహి అని గోడ మీద రాస్తే గప్పుడు సమజయితది."

సామేలు వెంట వచ్చినవాళ్ల వైపు తిరిగాడు. ఆ నలుగురిలో ఇద్దరు తన చేత బండ్లు చేయించుకున్నవాళ్లే, వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. అప్పటికే వాడలో బుచ్చయ్య ఇంటి గోడ మీద సున్నంతో అలాంటి మాటే రాసి ఉంది, అతని కిరాణం వైపు పది రోజులుగా ఎవరూ పోవడం లేదు. రాజక్క చేట ముందు కూర్చుని అంతా విన్నది. ఆమె కూడా సభకు పోయే నలభై మందిలో ఉంది. పచ్చ చీర ఉతికి ఆరేసుకుంది కూడా.

జలపతి పోయాక సామేలు సిలిండరు ముందు కూర్చున్నాడు. తర్వాత తన హవాయి చెప్పు ఒకటి తీసి, అరగని మడమ దగ్గర బ్లేడుతో గుండ్రంగా కోశాడు. గరుకు కాగితం మీద రుద్ది నున్నగా చేశాడు. రెండు వాషర్లు తయారయ్యాయి. ఈ పని ఇంకొకడు చేసి ఉంటే వాడి ఏడు తరాలను తిట్టేవాడు. వాషర్లు లోపల పెట్టి, డబ్బాలో మిగిలిన బ్రేకాయిలు పోసి, పైపుల్లోంచి గాలి తీసి, పెడలు తొక్కాడు. రాయిలా నిలబడింది. ఇంకోసారి తొక్కాడు, నిలబడింది. చెప్పు రబ్బరు ఆయిల్లో నానితే, వేడెక్కితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. ఒక్క రోజుకేం కాదులే అనుకున్నాడు. ఒక్క రోజుకేం కాదులే అనుకునే నీచులను జీవితమంతా అసహ్యించుకున్న మనిషి.

పొద్దున్నే ఆడవాళ్లు వచ్చి బండెక్కారు. జెండాలు, పాటలు, నవ్వులు. కిష్టవ్వ అనే ముసలామె ఎక్కలేకపోతుంటే రాజక్క కింద నుంచి ఎత్తి, తర్వాత తానెక్కింది. సామేలు ఆమెను చూశాడు. దిగు అని నోటి దాకా వచ్చింది. అదే క్షణంలో జలపతి చెయ్యెత్తి "సామేలన్న" అని అరిచాడు, నలభై గొంతులు "జిందాబాద్" అన్నాయి. పుట్టిన ఇన్నేళ్లలో ఎవరూ అతని పేరు అట్లా పలకలేదు. ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నోటి దాకా వచ్చిన మాట మళ్లీ లోపలికి పోయింది. సురేందర్ దగ్గరికి మాత్రం వెళ్లి "ఇరువై దాటకు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. సభ అయింది, మైకులు అరిచాయి. తిరిగొచ్చేటప్పుడు, ఎండలో కాగిన బండి కోరుట్ల ఇంకో ఆరేడు కిలోమీటర్లుందనగా దిగుడులో పడ్డది. ముందు గొర్రెల మంద అడ్డమొచ్చింది. సురేందర్ తొక్కితే పెడలు అడుగుకు పోయి అక్కడే ఉండిపోయింది. హ్యాండ్ బ్రేకు ఆ బండికి ఎప్పటినుంచో పేరుకే ఉంది. అతను గేరు దించి, స్టీరింగు తిప్పి, బండిని మక్కచేనులోకి ఎక్కించాడు. చేను గట్టుకు కొట్టుకుని బండి ఒరిగి ఆగింది. ఎవరూ చావలేదు. చాలామందికి గీరుకుపోయింది, కిష్టవ్వ పన్ను ఒకటి ఊడింది. రాజక్క కుడి చెయ్యి బండి వెనక డాలా పలకకు, ఇనుప కడ్డీకి మధ్య ఇరుక్కుని మణికట్టు విరిగింది, రెండు వేళ్లు నలిగాయి.

మూడో రోజు బండిని ట్రాక్టరుతో లాక్కొచ్చి కొట్టంలో పెట్టారు. సామేలు ఒక్కడే కూర్చుని సిలిండరు విప్పాడు. చెప్పు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పెచ్చులు పెచ్చులుగా బయటికి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. తిట్టడానికి ఎవడూ లేడు.

ఇంత జరిగినా కోరుట్లలో ఎవరూ అతన్ని ఒక్క మాట అనకపోవడమే అన్నిటికన్నా చెడ్డ సంగతి. పోలీసులు వెంటబడి తరిమితే బండి చేనులో పడిందని జలపతి చెప్పాడు. రెండు రోజుల్లో బండిలో ఉన్నవాళ్లు కూడా పోలీసులను చూసినట్టే చెప్పసాగారు. సామేలన్న బ్రేకు గట్టిగా వేయబట్టి ప్రాణాలు దక్కాయని కూడా అన్నారు. దీక్ష టెంటులో రాజక్కకు సన్మానం పెట్టారు. కట్టు కట్టిన చేతికి, మెడకు కలిపి శాలువా కప్పారు. ఈ తల్లి చెయ్యి తెలంగాణకు ఇచ్చిందని జలపతి మైకులో అంటుంటే ఆమె తల వంచుకుని కూర్చుంది. డాక్టరు అప్పటికే చెప్పాడు, ఎముక అతుక్కున్నా ఆ వేళ్లు మునుపటిలా వంగవని. ఇక బీడీ ముడి పడదు.

తర్వాత సామేలును పిలిచారు. అతనికీ ఒక శాలువా ఉంది. అతను వెళ్లి శాలువాను పక్కకు తోసి, మైకు ముందు నిలబడ్డాడు.

"పోలీసోళ్లు ఎవ్వలు రాలే. బండికి బ్రేకు లేదు. చెప్పు రబ్బరు కోసి నేనే ఏసిన. ఆగదని ఎర్క ఉండే ఏసిన. దీని చెయ్యి నేనే ఇరగ్గొట్టిన."

జలపతి వెంటనే మైకు అందుకుని, పెండ్లాం బాధ చూసి పాపం సామేలన్న మనసు చెదిరిందన్నాడు. జై తెలంగాణ అన్నాడు. అందరూ జై అన్నారు. నిజం చెప్పినవాడి మొహం మీద నినాదం కొట్టి, మళ్లీ ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. సురేందర్ ఒక్కడే వెనక నుంచి సామేలును కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

సామేలు, రాజక్క నడిచి ఇంటికొచ్చారు. వాడ మలుపు దగ్గర రాజక్క ఆగి, శాలువా తీసి ఎడమ చేతి మీద వేసుకుంది.

"నేను బండెక్కంగ నువ్వు గక్కడనే నిలవడి చూస్తివి. గప్పుడు ఎర్కనా నీకు?"

"ఎర్కనే," అన్నాడు సామేలు.

"ఒక్క మాటంటే దిగుతుంటి గదయ్యా."

అంతే అన్నది. జిందాబాద్ వింటూ నిలబడ్డానని పెళ్లానికి ఎట్లా చెప్పుకోవాలో సామేలుకు తెలియలేదు.

ఇంటి తలుపు గొళ్లెం బిగుసుకుని ఉంది. రాజక్క ఎడమ చేత్తో లాగుతుంటే రాలేదు. సామేలు ముందుకొచ్చి చెయ్యి చాపాడు. నువ్వు ముట్టకు అన్నది రాజక్క. భుజంతో తలుపును నొక్కి పట్టి, అలవాటు లేని చేత్తో అటూ ఇటూ కదిపి, చాలాసేపటికి గొళ్లెం తీసి లోపలికి పోయింది. సామేలు గడప బయటే నిలబడి ఉన్నాడు.