శంకరమ్మ కుడిచెయ్యి

శంకరమ్మత్తకు అమ్మవారు వచ్చిందని మా హిమాయత్‌నగర్‌లో, అంటే పట్నంలోది కాదు, చిల్కూరు దగ్గరి మా ఊళ్లో, ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. వాళ్లతో వాదించి వాదించి నాకు విసుగొచ్చింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది చదివాక కూడా అదే మాట అంటే ఇక నా వల్ల కాదు.

నా పేరు ఎస్తేర్. మొయినాబాద్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతాను. మా ఇంటికీ శంకరమ్మత్త ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. మేం చర్చికి వెళ్లేవాళ్లం, వాళ్లు బోనం ఎత్తేవాళ్లు. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నాకు అత్తే, నేను ఆమెకు బిడ్డనే. కనకమామిడి దారిలో ఆమెకు ఇరవై గుంటల, అంటే అరెకరం చామంతి తోట ఉంది. భర్త చెన్నయ్య పోయాక దాన్ని ఒక్కతే చేసుకుంటోంది. పొద్దున్నే పూలు కోసి, సగం గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపి, మిగతావి మాలలు కట్టి చిల్కూరు గుడికి వచ్చేవాళ్లకు అమ్ముతుంది. మూర అంటే ఆమె కుడి మోచేయి నుంచి వేలి కొస దాకా. వేళ్లు బాగా చాచి కొలిచి, ఇంకో రెండు పూలు దాటాకే దారం తెంపుతుంది. పక్కన కూర్చునే పూలవాళ్లు ఈమెకేం పోయేకాలమని తిట్టుకుంటారు.

ఆమెకు షుగర్ ఉంది. ఎవరో పుణ్యాత్ములు ఆ గోలీలు కిడ్నీలను తినేస్తాయని, కాకరకాయ రసం తాగితే చాలని చెప్పారు. ఆమె నమ్మి గోలీలు మానేసింది. ఆ పుణ్యాత్ములెవరో నాకింకా దొరకలేదు. దొరికిన రోజు ఉంది వాళ్లకు.

బోనాల రోజులు. అత్త అరుగు మీద కూర్చుని మాల కడుతుంటే ఉన్నట్టుండి కుడిచెయ్యి ఎగిరి పూలగంప మీద పడింది. పూలన్నీ వాకిట్లో చెల్లాచెదురయ్యాయి. ఏరుకుందామని వంగితే మళ్లీ విసురు. చెయ్యి మెలికలు తిరుగుతోంది, భుజం దగ్గర్నుంచి బలంగా ఎగిరిపడుతోంది. ఎడమచేత్తో ఒడిసి పట్టుకుంటే అది మనిషినే ఊపేస్తోంది. మూతి ఒకవైపు లాగుతోంది. ఆమె తోటికోడలు రమ, అంటే మరిది బాలరాజ్ భార్య, చూసి కేక పెట్టింది.

"అమ్మొచ్చింది! అక్కకు అమ్మొచ్చింది!"

ఇంకేముంది, వాడంతా దిగింది. మొహానికి పసుపు పూశారు. చేతిలో వేపమండ పెడితే అది ఎక్కడికో ఎగిరిపోయింది. అదీ మహిమే అన్నారు. బెల్లం నీళ్లు కలిపి సాక తెచ్చారు. మామూలుగా సాక అమ్మవారి ముందు నేల మీద పోస్తారు. ఇక్కడ అమ్మవారే మనిషిలో ఉంది కదా, అందుకని తాగించారు. మూడు రోజుల పాటు చెంబు మీద చెంబు.

"నాకు అమ్మ రాలే. చెయ్యి దానంతటదే పోతున్నది. జర ఇనుండ్రి" అని ఆమె మొత్తుకుంటోంది.

"అమ్మ అలిగింది" అన్నారు. ఇంకో చెంబు తెచ్చారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నిద్రపోతున్నప్పుడు ఆ చెయ్యి కదలడం లేదు, గమనించారా అని అడిగాను. "అమ్మ గూడ పండుకుంటది. నువ్వు చర్చికి పోయేదానివి, నీకేం ఎరుక?" అని నా నోరు మూయించారు. సొంత పొరుగింట్లో నేను పరాయిదాన్నయ్యాను.

అసలు సంగతి తర్వాత బయటపడింది. బాలరాజ్ పొలం ఈమె తోట వెనకాల ఉంది. రోడ్డు ఈమె తోటకే ఉంది. పక్కన ఫామ్‌హౌస్ కట్టుకున్న పట్నం ఆసామి రెండూ కలిపైతేనే కొంటానంటున్నాడు. బాలరాజ్ చాన్నాళ్లుగా అడుగుతున్నాడు, ఈమె ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు అతను వదినెను పీట మీద కూర్చోబెట్టి, చేతులు జోడించి, అందరి ముందూ అడిగాడు.

"తల్లీ, భూమి ఇయ్యమంటవా, వద్దంటవా? ఇయ్యమంటే తూర్పుకు చూపియ్యి."

చెయ్యి తూర్పుకే ఎగిరింది. జనం దండాలు పెట్టారు. పీట ఉత్తరం ముఖంగా వేశారు. ఉత్తరం ముఖంగా కూర్చున్న మనిషి కుడిచెయ్యి తూర్పుకు కాక ఇంకెటు పోతుంది? అంతమందిలో ఒక్కరికీ ఈపాటి సంగతి తట్టలేదు. బాలరాజ్ కావాలని చేశాడని నేననను, అతనికీ భయభక్తులున్నాయి. కానీ పీట వేసింది మాత్రం అతనే.

అందరూ వెళ్లాక నేను ఆమె దగ్గర కూర్చున్నాను. ఆమె కళ్లు లోతుకు పోయాయి, పెదాలు ఎండిపోయాయి.

"మస్తు దూప అయితున్నది బిడ్డా. ఎన్ని నీళ్లు తాగినా ఆగుతలేదు. మాటిమాటికీ ఒంటికి లేస్తున్న."

మా అమ్మ విమలమ్మకూ షుగరే. ఇంట్లో చూసుకునే మిషన్ ఉంది. పరుగెత్తి తెచ్చి ఆమె ఎడమచేతి వేలికి పొడిచి చూశాను. అంకె రాలేదు. తన కొలతకు అందనంత ఉందని 'హై' అని చూపించి ఊరుకుంది.

ఆటో పిలుస్తానంటే బాలరాజ్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అమ్మ వచ్చిన మనిషి బోనం చెల్లించకముందు పొలిమేర దాటగూడదట. నేను అరిచాను. అత్త బతిమాలింది.

"బాలరాజూ, నీకు దండం పెడత, నన్ను దవాఖానకు తీస్కపో."

అతను కదల్లేదు. అప్పుడు ఆమె జుట్టు విప్పుకుని, గొంతు మార్చి గట్టిగా అరిచింది.

"నేను తల్లిని చెప్తున్న! నన్ను దవాఖానకు తీస్కపోతవా, ఊరును బూడిద చెయ్యమంటవా?"

ఆటో వాకిట్లోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. బాలరాజే ఎత్తి కూర్చోబెట్టాడు. దారిలో ఆమె నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. "నేను మొక్కే తల్లి పేరు మీద అబద్ధమాడిన బిడ్డా" అంది. ఆ పాపం ఎవరిదో నాకు తెలుసు, ఆమెది మాత్రం కాదు.

పట్నం పెద్ద దవాఖానలో పూర్ణిమ అనే డాక్టరమ్మ స్కానింగ్ ఫిల్మును వెలుగుకు పెట్టి చూపించింది. మెదడు పైన ముడతలు పడ్డ పొర ఉంటుందని బడి పుస్తకాల్లో చూస్తాం. దానికి బాగా లోపల, రెండు పక్కలా బూడిదరంగు ముద్దలు కొన్ని ఉంటాయి. వాటన్నిటినీ కలిపి బేసల్ గాంగ్లియా అంటారు. వాటిలో వెలుపలి వైపున్న దాని పేరు పుటామెన్. ఎడమ పక్క పుటామెన్ అత్త ఫిల్ములో తెల్లగా కనిపిస్తోంది, కుడి పక్కది అలా లేదు. చెయ్యి ఎత్తమనే ఆజ్ఞ పైపొర నుంచే వస్తుంది. కానీ కావలసిన కదలికను వదిలి, అక్కర్లేని కదలికలను ఆపి ఉంచేది ఈ లోపలి ముద్దలు. రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగినప్పుడు కొందరికి ఈ చోటు దెబ్బతిని ఆ అదుపు తప్పుతుంది. ఎడమ మెదడు కుడి పక్క శరీరాన్ని నడుపుతుంది కనుక కుడిచెయ్యి ఎగిరింది.

అత్త శ్రద్ధగా విని అడిగింది. "అంటే ఒక మడికే నీళ్లు పారాలని మిగిలిన మళ్లకు మట్టి అడ్డమేస్తం గదా. నాకు గా మట్టి కొట్టుకపోయిందా అమ్మా?"

"అంతే. చక్కెర దిగితే మళ్లీ అడ్డం నిలుస్తుంది. చాలామందికి నయమవుతుంది" అంది డాక్టరమ్మ. ఇన్ని రోజులు ఏం పెట్టారని అడిగింది. బెల్లం నీళ్లని నేను చెప్పలేక చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది. నాకు అక్కడే కోపంతో ఏడుపొచ్చింది. దండాలు పెడుతూనే మనిషిని సగం చంపేశాం కదా!

ఇన్సులిన్‌తో చక్కెర దిగింది. చెయ్యి నెమ్మదించింది. మందులతో కొన్ని వారాలకు పూర్తిగా నిలిచింది. ఆమె మళ్లీ మాల కట్టడం మొదలుపెట్టింది. అప్పుడు బాలరాజ్ కాగితాలతో వచ్చాడు. వెంట ఫామ్‌హౌస్ ఆసామి, వెనకాల వాడంతా.

"అమ్మ అందరి ముందు మాటిచ్చింది వదినె. ఆ మాట తప్పితే ఊరికి మంచిది గాదు. సంతకం పెట్టు."

"నేనియ్య" అంది ఆమె.

"నువ్వెవరు వద్దననీకి? చెప్పింది అమ్మ" అన్నాడు. జనం తలలూపారు. ఆ తలలూపడం చూస్తే నాకు పిచ్చెక్కింది. స్కానింగ్ ఫిల్ము తెచ్చి చూపిస్తే ఎవరు చూస్తారు? ఒకటే దారి తోచింది. ఆమె చెవిలో చెప్పాను.

"అత్తా, ఇంకొక్కసారి అమ్మ లెక్క మాట్లాడు. ఒక్క మాటతో అందరూ పోతరు."

ఆమె నా వైపు తిరిగింది. బాలరాజ్ వైపు కూడా అంత కోపంగా చూడలేదు.

"పాణం మీదికొస్తే ఒక్కసారి ఆడిన. నా భూమి నాదని చెప్పనీకి గూడ నేను దేవతను గావాల్నా? శంకరమ్మ చెప్తే సరిపోదా?"

వాకిలంతా విన్నది. ఆమె కుడిచేతిని కాగితాల మీద చదునుగా పెట్టింది.

"ఇదే గదా మీకు చెప్పింది? అడుగుండ్రి మళ్ల. నా మాట వద్దు, దీన్నే అడుగుండ్రి."

అడగడానికి ఎవరూ ముందుకు రాలేదు. చెయ్యి పెట్టినచోటే ఉంది, వేలు కూడా కదల్లేదు. కొంతసేపటికి పట్నం ఆసామి కారెక్కాడు. బాలరాజ్ తన కాగితాలను ఆమె చేతి కింద నుంచి తనే లాక్కుని ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. రమ మాత్రం వెళ్లలేదు. లోపలికి పోయి గ్లాసు పట్టుకొచ్చి, అత్త ముందు తల దించుకుని నిలబడింది.

"ఉత్త నీళ్లే అక్కా. బెల్లమెయ్యలే."

అత్త గ్లాసును కుడిచేత్తోనే అందుకుని, చుక్క తొణకకుండా తాగింది.