నాడెవ్వకు ఆధారం

పోయిన ఆదివారం మా అన్న మనవరాలు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా సరిగా విడవకుండానే ఫోను నా ముక్కు కింద పెట్టి, నాడెవ్వ ఏ సంచికలో వస్తుందో చెప్పమని అడిగింది. మన ఈడు వాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో ఒక తెలుగు మాసపత్రికలో నీడ పోగొట్టుకున్న రాజకుమారుడి కథ ఏళ్ల తరబడి సాగింది. నెలకో దీవి, దీవికో మాంత్రికుడు, చివర రాజకుమారుడు ఏదో ఒక ఆపదలో వేలాడుతూ ఉండగా ‘ఇంకా ఉంది’ అనే మాట. ఆ కథంటే ప్రాణం పెట్టే పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఇంటర్నెట్‌లో దానికి ఇంగ్లీషులో ఒక పెద్ద వివరకోశం తయారు చేస్తున్నారట. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ దీవిలో ఏ మంత్రం పారుతుంది, అన్నీ అందులో ఉంటాయట. అయితే రాసిన ప్రతి మాటకూ అది ఏ సంచికలో, ఏ పేజీలో ఉందో కింద చూపాలి, చూపలేనిదాన్ని తీసేస్తారు. మా పిల్ల నాడెవ్వ గురించి ఇంత పొడుగున రాసి పెట్టింది, అంతా చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ, అంటే మా వదిన, నోట విన్నదే. పాత సంచికలన్నీ దగ్గర పెట్టుకున్న హైదరాబాదు ఆయనొకరు అది చూసి, అలాంటి మనిషే కథలో లేదు, రేపటిలోగా ఆధారం చూపకపోతే కొట్టేస్తానన్నాడట.

మా వదిన పోయి చాలా ఏళ్లయింది గానీ ఆమె మీద నా అసూయ మాత్రం ఎక్కడికీ పోలేదు, మంచి ఆరోగ్యంగా ఉంది.

అప్పట్లో ఈ మరాఠీ ఊళ్లోనే భవాని పేట్‌లో మా ఇల్లు. ముందు గదిలో నాయన, అన్న మగ్గాల మీద ఉంటే, వెనక వసారాలో మధ్యాహ్నం పూట గల్లీ ఆడవాళ్లంతా తునికాకు, తంబాకు చాటల్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి చేరేవాళ్లు. అందులో ఒకరు పత్రిక చదవాలి, మిగతావాళ్లు వింటూ చుట్టాలి. చదివే మనిషి చేతులు ఆగిపోతాయి కాబట్టి, లేచేముందు అందరూ తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేసి ఆమె వంతు పూర్తి చేయాలి. ఇది ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు గానీ, చేతికి తంబాకు అంటకుండా, అందరి చూపూ తన మీద ఉంచుకుని కూర్చునే ఆ దర్జా ముందు నాకు ఏ రాణి దర్జా కనిపించేది కాదు. తెలుగు బడిలో చదువుకున్నదాన్ని కనుక ఆ చోటు నాదే, మా అన్న పెళ్లి అయ్యేదాకా.

కరీంనగర్ వైపు నుంచి కోడలిగా వచ్చిన వదినకు కూడా చదవడం వచ్చు. ఒకరోజు నాకు గొంతు పట్టేస్తే ఆమె పత్రిక అందుకుంది, మళ్లీ నా చేతికి ఇవ్వలేదు; ఇవ్వమని అడిగినవాళ్లు కూడా లేరు. ఆమె చదువుతుంటే నాయన మగ్గం ఆపి తలుపు దగ్గర నిలబడేవాడు, నేను చదివినన్ని రోజుల్లో ఒక్కసారి కూడా ఆపలేదు. ఇక నేను చుట్టిన బీడీలు ఆమె చాటలో వేయాల్సి వచ్చేది.

నాడెవ్వ ఆమె చదివేటప్పుడే వచ్చింది. దీవికీ దీవికీ మధ్య పడవ నడిపే ముసలమ్మ. ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ మగ్గం మీద నాడెలాగా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. రాజకుమారుడు నీడ పోయిందని ఏడుస్తుంటే ముందు తిన్నావా లేదా అని అడిగేది, మాంత్రికుణ్ణి పట్టుకుని తలకు నూనె పెట్టుకోవేంరా అని కసిరేది. వసారా అంతా పడి పడి నవ్వేవాళ్లు, నవ్వకూడదని పళ్లు బిగబట్టుకున్న నేను కూడా.

ఒక సాయంత్రం పత్రిక నా చేతికి దొరికితే ఆ నెల కథ చదివాను, నాడెవ్వ లేదు. అనుమానం వచ్చి పెట్టెలోని పాత సంచికలన్నీ తిరగేశాను, ఎక్కడా లేదు. నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. మర్నాడు అందరి ముందూ ఆ మాట అనేశాను. వదిన కంగారు పడలేదు, దాచుకోనూ లేదు. “లేదు, నేనే పెట్టిన. పోరడు ఒక్కడే సముద్రంల పోతుంటే నాకే భయమైంది” అంది.

నేను పత్రిక లాక్కుని, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను. సముద్రం రెండు వాక్యాల్లో దాటేశాం. పక్కింటి పెద్దమ్మ ఆకు కత్తిరించడం ఆపి, “నాడెవ్వ రాలేదేందే?” అంది. పుస్తకంలో లేదని చెప్పాను. “బుక్కుల లేకపోతే ఏమాయె, జర పిలువరాదు” అంది. ఉడుకుమోత్తనంతో పిలిచాను కూడా. వచ్చింది గానీ ఆ నాడెవ్వ మా బడి పంతులమ్మలా మాట్లాడింది, రాజకుమారుణ్ణి కుశలమా అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. “బస్ ఇగ, వదినెకియ్యి” అన్నారు, ఇచ్చాను. వదిన అబద్ధం చదువుతోందని తెలిసిన మీదట నా అసూయ తగ్గాలి కదా, రెట్టింపైంది. అచ్చులో ఉన్నది చదవడం నాకూ వచ్చు. లేనిది చదవడం ఆమెకే వచ్చు.

అందుకే మొన్న హైదరాబాదు ఆయన మాట వినగానే, ఇన్నేళ్లకు నా పక్షాన ఒక మనిషి దొరికాడని మొదట లోలోపల మురిసిపోయాను. నేను నోరు మెదపకుండా ఉంటే చాలు, తెల్లారేసరికి నాడెవ్వ ఉండదు. కానీ అలాంటి మనిషే లేదు అన్న మాట ఇంకోసారి మనసులో తిరిగేసరికి ఒళ్లు మండిపోయింది. లేదని నేను అనొచ్చు, నేను ఆడబిడ్డను, ఆయనెవరు అనడానికి? పిల్లకు జరిగిందంతా చెప్పి, ఇది అచ్చులో లేదు, భవాని పేట్ ఆడవాళ్లు మా వదిన నోట విన్నది, అని ఉన్నదున్నట్టు రాయమన్నాను. ఆయన మంచివాడే, ఒప్పుకున్నాడట. అచ్చులో లేనివాటికి చివర వేరే భాగం పెట్టి, నాడెవ్వ కింద ఆధారంగా మా వదిన పేరు ఇంటిపేరుతో సహా వేశారు. దాని పక్కనే, విన్నవారిలో ఒకరు చెప్పగా, అని ఉంది. ఆ ఒకరు నేను. పేరు అడిగినవాళ్లు లేరు, అక్కడ కూడా ఆమె చాట నిండడానికి నేను నా వంతు వేసి వచ్చాను.

పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు, దాని చదువంతా మరాఠీలో, ఇంగ్లీషులో సాగింది. ఈ కబురు చెప్పడానికి వచ్చినప్పుడే ఇంకేదో పేజీ ఫోనులో తెరిచి, ఇందులో ఫలానా కత్తి ప్రస్తావన ఉందేమో చూడమంది. అదే పాత అచ్చు, అదే రాజకుమారుడి బొమ్మ. గొంతు సవరించుకుని మొదటి వాక్యం పైకి చదవడం మొదలుపెట్టాను. “చదువకవ్వా, ఉందో లేదో చెప్పు, బస్. నాకు క్లాసుకు టైమైతుంది” అంది. ఉందని చెప్పాను, రాసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు మా ఇంటి మొత్తానికి తెలుగు చదవడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. దేనికోసం అంత ఏడ్చానో ఆ చోటు ఇన్నాళ్లకు పూర్తిగా నాదైంది, లాక్కునే వదిన లేదు, వినేవాళ్లూ లేరు.