అంబరులో ఆఖరి చుక్క

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టి చూడండి అనేదాన్ని. ఆ నోటితోనే ఇది చెప్పాల్సి రావడం సిగ్గుగానే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నరసరావుపేటలో మాకు చిన్న అత్తరు కొట్టు ఉండేది. మేం దూదేకులవాళ్లం. దూది ఏకడం మానేసి నాయన అత్తర్లలోకి దిగాడు. కొట్లో కూర్చునేది నాయనే గానీ ముక్కు మాత్రం అమ్మది.

మా దగ్గర బాగా పోయే అత్తరు అంబరు. అసలు అంబరు సముద్రంలో దొరుకుతుందంటారు, మేమెవరమూ కళ్లచూడలేదు. మా అంబరు మూడు సరుకుల పొత్తు. సాంబ్రాణి, వెనీలా, బొంబాయి నుంచి వచ్చే ఒక నల్ల బంక. వీటిని గంధం నూనెలో కలుపుతాం. కుదిరిందంటే ఆ మూడింట్లో ఏదీ విడిగా తెలియదు. ఎండకు ఆరేసిన దుప్పటిలో దూరినట్టు వెచ్చటి వాసన వస్తుంది.

నల్ల బంకను కరిగించి చివర్లో చుక్కచుక్కగా వెయ్యాలి. తక్కువైతే మిఠాయి కొట్టు వాసన, ఎక్కువైతే పచ్చితోలు కంపు. ఇన్ని చుక్కలని లెక్కేమీ లేదు, సాంబ్రాణి ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. నేను వేస్తుంటే అమ్మ గిన్నె మీదికి వంగి ‘చాలు’ అనేది. నేను ఆపేదాన్ని. నా చదువంతా అదే.

అమ్మకు కడుపులో గడ్డ లేస్తే గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. తోడుగా సైదమ్మ పిన్ని చిలకలూరిపేట నుంచి వచ్చింది. పత్తి మిల్లులో పనిచేసే మనిషి, అత్తర్ల సంగతి ఆమెకు ఏమీ తెలియదు. నేను తిరిగొచ్చేటప్పుడు అమ్మ నా చెయ్యి వదల్లేదు.

“నువ్వొక్కదానివే అంబరు కలిపి పట్రావే. వాసన చూసి చెప్తా. ఆపరేషను లోపే తే.”

తను తిరిగి రాకపోతే ఆ పని తనతోనే పోతుందని అమ్మ బెంగ. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు.

ఇంటికొచ్చి మూడుసార్లు కలిపాను. మూడుసార్లూ తోలు కంపే. యుద్ధం మూలాన బొంబాయి సరుకు ఆగిపోయింది, ఉన్న బంక ఇంకొక్కసారికే వస్తుంది. మర్నాడు పొద్దున్నే రైలెక్కాలి. ఏడుపొచ్చింది, అమ్మ మీద కోపం కూడా వచ్చింది.

మధ్యాహ్నం పెరటి వసారాలో కూర్చుని నాలుగోసారి మొదలుపెట్టాను. గాజుపుల్లతో చుక్కలు వేస్తున్నాను. పుల్ల చివర ఇంకో చుక్క వేలాడుతోంది. వెయ్యబోతే చెయ్యి వంగలేదు. తిమ్మిరి కాదు, వేళ్లు బాగానే కదులుతున్నాయి. మణికట్టు మాత్రం కిందికి తిరగనంది. అప్పుడే తాలూకాఫీసులో మూడు గంటలు కొట్టారు. హడలిపోయి పుల్ల వెనక్కి లాగాను. వెనక్కి మాత్రం చెయ్యి మామూలుగానే వచ్చింది.

కొట్లోంచి నాయన గబగబా లోపలికొచ్చాడు.

“మీ అమ్మ ఎప్పుడొచ్చిందే?” అన్నాడు, గదులన్నీ చూస్తూ.

గిన్నె చూపించాను. నాయన వాసన చూసి మళ్లీ గదుల వైపు చూశాడు. అచ్చం అమ్మ కలిపిన అంబరే.

మర్నాడు సీసా కొంగున ముడేసుకుని ఆసుపత్రికి వెళ్లాను. వరండాలో పిన్ని ఒక్కతే కూర్చుని ఉంది. తెల్లారకముందే అమ్మ పోయిందట. నాకు ఏడుపు కూడా రాలేదు. పిన్నే ఏడుస్తూ చెప్పింది.

“నిన్న నా చేత్తో జావ పోస్తన్నానమ్మాయ్. నాలుగు చెంచాలు తాగిందో లేదో, కళ్లు మూసుకునే అంది, ‘చాలు, ఇంకొక్క చుక్క పడితే తోలు కంపు కొడద్ది’ అని. రాగిజావకి తోలు కంపేందే? నా జావ అంత చెడ్డగుందా? మళ్లీ నోరు తెరవలా.”

ఎన్నింటికని అడిగాను.

“మూడింటికే. చూసేవాళ్లని లోపలికొదిలే గంట అప్పుడే కొట్టారు.”

జావ బాగానే ఉండి ఉంటుందని మాత్రం అన్నాను.

శవానికి చుట్టే కఫను గుడ్డకు అత్తరు రాయడం మాలో ఆనవాయితీ. ఆ సీసాలో ఉన్నదంతా అమ్మకే రాశాను. కలిపేటప్పుడు ఎన్ని చుక్కలు వేశానో లెక్కపెట్టనే లేదు.

పిన్ని గంట తప్పు విందేమో, మగతలో అమ్మ ఏదో అని ఉంటుందేమో అని నాకు నేను ఎన్నో విధాల చెప్పుకున్నాను. నా చెయ్యి ఎందుకు ఆగిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. యుద్ధం అయ్యాక బొంబాయి సరుకు మళ్లీ వచ్చింది. ఏళ్ల తరబడి అంబరు కలిపాను. పుల్ల చివర చుక్క వేలాడిన ప్రతిసారీ కాసేపు ఆగి చూసేదాన్ని. చెయ్యి మామూలుగానే వంగేది, చుక్క పడిపోయేది.