మావటి మొహం

మా సోషల్ మాస్టారు పోయారు. సోమవారం ఉదయం మిడిల్ పాయింట్ సెంటర్లోని మా ఆఫీసు మెట్లెక్కుతుంటే అమ్మగారు, అంటే ఆయన భార్య, ఫోన్ చేశారు. "బాబూ, మాస్టారు లేరు. బస్, అయిపోయింది" అన్నారు. వెనక్కి తిరిగి, మాస్టారుండే ప్రోతరాపూర్ బస్సెక్కాను. ఆయనకి చూపించని ఫొటోలు నా జేబులోని ఫోన్లోనే ఉన్నాయి.

ఎనిమిదో తరగతిలో ఆయన కంబోడియా పాఠం చెప్పారు. అంగ్కోర్‌లో రాజుగారి ఏనుగుల టెర్రస్ అనగానే నేను లేచి, "ఏనుగులెక్కితే స్లాబ్ కూలిపోదా మాస్టారూ?" అన్నాను. మాకు టెర్రస్ అంటే బట్టలారేసుకునే ఇంటి పైకప్పే మరి. క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. మమ్మల్ని గ్రౌండులోకి తీసుకెళ్లి, జెండా గద్దె మీద ఖాళీ కుర్చీ వేయించారు.

"ఇదిరా టెర్రస్. రాజు పైన కూర్చుంటే సైన్యం, ఊరేగింపులు ముందునుంచి పోయేవంటారు. గోడ పొడుగునా ఏనుగుల్ని చెక్కారు. మధ్యలో గరుడలు, సింహాలు చేతులెత్తి గద్దెని మోస్తుంటాయి. మీరే అవి. ఎత్తండి చేతులు!"

బెల్లు కొట్టేదాకా అలాగే నిలబెట్టారు. భుజాలు పడిపోయాయి. "కుర్చీని అందరూ చూస్తారు. మోసేవాణ్ణి చూడటం నేర్చుకోండి" అన్నారు. ఆ రోజునుంచి నా పేరు స్లాబ్.

మాస్టారి నాన్న అడవిలో ఏనుగుతో దుంగలు లాగించిన మావటి. ఈయనకి నాలుగేళ్లప్పుడు దుంగ కింద పడి చనిపోయాడు. ఒక్క ఫొటో లేదు. "ఏనుగు పేరు సరిగ్గా రాశార్రా ఫారెస్టు రిజిస్టర్లో. మా నాన్న పేరే తప్పు" అనేవారు. ఆయన పుస్తకంలో ఆ టెర్రస్ బొమ్మ బొటనవేలంత ఉండేది. భూతద్దం పెట్టి ఏనుగు మెడ మీద మనిషి కోసం వెతికేవారు. అచ్చు అలుక్కుపోయి ఏమీ తెలిసేది కాదు.

ఇప్పటికీ దేవుడి ఊరేగింపులో నా కళ్లు ముందు మోసేవాళ్ల భుజాల మీదకే పోతాయి. అది ఆయన పెట్టిన భిక్ష. అలాంటి నేను ఏం చేశానో చెప్పాలి.

పోయిన నెల కంబోడియా టూరుకి వెళ్తున్నానంటే, మంచం పట్టిన మాస్టారు ఒక్కటే అడిగారు. "మావటి ఉన్నాడేమో చూడరా స్లాబూ. మొహం చెక్కారేమో చూడు."

అక్కడ ఎండ మాడ్చేసింది. ఏనుగుల టెర్రస్ ముందు గబగబా ఫొటోలు తీసుకున్నాను. పక్కనున్న ఇంకో టెర్రస్ చూపించి, రాజుల్ని దహనం చేసింది ఇక్కడేనని కొందరంటారన్నాడు గైడు. దాన్నీ ఫొటో తీసి బస్సులో పడ్డాను. అప్పుడొచ్చింది మాస్టారి మెసేజ్: "ఉన్నాడా?" నేను మావటి కోసం చూడనేలేదు. ఆ మాట చెప్పలేక "వచ్చి చూపిస్తా" అని కొట్టాను. వచ్చి మూడు వారాలైంది. ప్రోతరాపూర్ ఏం దూరమని! సిగ్గుగా ఉంది.

దహనం అయ్యాక ఇంటికొచ్చి అమ్మగారి పక్కన కూర్చున్నాను.

"రోజూ అడిగేవోరు బాబూ, స్లాబుగాడు వచ్చాడా అని. ఆడు తెస్తాడు, సూసే పోతానన్నారు" అన్నారావిడ. "ఉన్నాడా ఆ మావటి? నాకైనా సూపించు."

ఫోను తీసి ఫొటోలు జరిపాను. ఒకదాంట్లో, ఓ అంచున, ఏనుగు మెడ మీద ఉన్నాడు. చేతిలో అంకుశం. మొహం మాత్రం అరిగి చదునైపోయింది.

"ఉన్నాడమ్మా" అన్నాను.

మొహం కనబడుతుందేమోనని ఆవిడ బొటనవేలితో ఫోను అద్దం తుడిచారు. ఫొటో జరిగిపోయింది. తర్వాతి దాంట్లోనూ అదే ఏనుగు. మావటికి అడ్డంగా, నల్ల కళ్లద్దాలతో, నేను నవ్వుతున్నాను.