వేలికి చుట్టిన మట్టి

మెట్టుగూడలో మా పక్కింటి ఆంటీకి కుండలు చేయడమంటే ప్రాణం. ఎక్కడ మట్టి కనిపించినా తడిపి, తాడులా పేని, వేలికి చుట్టి చూసేది. విరగకపోతే కుండలకు పనికొచ్చే మట్టని మురిసిపోయేది.

అపార్ట్‌మెంట్ కోసం బిల్డర్ ఆమె పాత ఇల్లు కూల్చి పునాది తవ్వుతుంటే నల్లటి బంకమట్టి బయటపడింది. దాన్ని ఎత్తుకుపోతున్న టిప్పర్‌కు ఆంటీ చెంగు దోపి అడ్డంగా నిలబడింది.

"జెర ఆగు బిడ్డా, గిది నా ఇంటి మట్టి!"

"మట్టితోని ఏం జేస్తవమ్మా?" డ్రైవర్ నవ్వాడు.

ఆంటీ మట్టి చుట్టిన వేలు చూపించింది. "చూడు, విరగలే. కప్పులైతయ్."

డ్రమ్ముల నిండా నింపుకుంది. మొదటి వాయి బట్టీలో పగిలిపోయింది. దిగులుపడకుండా ఇసుక కలిపి మళ్లీ చేసింది. గృహప్రవేశం నాడు అన్ని ఫ్లాట్ల వాళ్లకూ ఆ కప్పుల్లోనే చాయ్ పోసింది.

బిల్డర్ కప్పు తిప్పి చూస్తూ, "మస్తుంది! ఏడ కొన్నరమ్మా?" అన్నాడు.

"నువ్వు పారేస్తుంటే తెచ్చుకున్న," అంది ఆంటీ, అతనికి ఇంకొంచెం పోస్తూ.