గ్లాసులో మిగిలిన నీళ్ళు

2008లో అనంతపురంలో నాకొక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉండేది. రెండు బల్లలు, నడుము లాగే ట్రాక్షన్ మిషను ఒకటి, కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఫ్యాను ఒకటి. వచ్చేవాళ్ళలో సగం మంది ధర్మవరం నేతగాళ్ళే. గుంత మగ్గంలో కాళ్ళు దించుకుని రోజుకు పది గంటలు చెక్కలు తొక్కితే నడుమూ మోకాళ్ళూ ఊరుకోవు కదా. ఓబులేసు కూడా అలా నడుము నొప్పితో వచ్చినవాడే. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. రోజూ నడవమని చెప్పి పంపాను. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వచ్చాడు.

"నడుము బాగుండాదమ్మా. నేనిప్పుడు పరిగెత్తతాండా."

"ఎంత దూరమన్నా?"

"కొత్తచెరువు రోడ్డులో పోయి వస్తా. ఇరవై కిలోమీటర్లుంటాది. బెంగుళూరులో మారథాన్ జరుగుతాదంట, నలభై రెండు. దానికి పోవల్ల."

నాకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. ఇరవై రెండేళ్ళప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి పోయి, పరుగు పరీక్షలో రెండు రౌండ్లు మిగిలుండగా పడిపోయాడట. "ఉద్యోగం పోతే పాయె. మధ్యలో పడిపోయినోడు అనే పేరు మాత్రం పోలేదమ్మా. మా వీధిలో ఇప్పటికీ అంటారు. ఒక్కసారి కడదాకా పరిగెత్తల్ల, అంతే," అన్నాడు.

నాకు తెలిసిందంతా చెప్పాను. వారానికొక లాంగ్ రన్, అంటే ఆ వారంలోకెల్లా పెద్ద దూరం. దాన్ని కొద్దికొద్దిగానే పెంచుకోవాలి. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగమే పెట్టుకోవాలి. కొత్త బూట్లు ఆ రోజే తొడగకూడదు. మొదటి పది కిలోమీటర్లలో ఎవరు దాటిపోయినా రోషం తెచ్చుకోకూడదు. అన్నిటికీ బుద్ధిగా తల ఊపాడు. నీళ్ళ దగ్గరే తకరారు వచ్చింది.

"ఇరవై కిలోమీటర్లకు ఎన్ని నీళ్ళు తాగుతున్నావు?"

"ఇంటికొచ్చినాంక తాగుతా. ఆ రోడ్డులో నీళ్ళు యాడుంటాయి?"

నాకు ఒళ్ళు మండింది. "చచ్చిపోతావు! బెంగుళూరులో దారి పొడవునా నీళ్ళ స్టాళ్ళుంటాయి. దాహమున్నా లేకున్నా ప్రతి స్టాలు దగ్గరా తాగు. ఒట్టు వెయ్యి," అన్నాను. ఆయన వేశాడు. నా పని నేను చక్కగా చేశానని అనుకున్నాను.

తెలిసిన డాక్టరొకరు పిలిస్తే, ఆ పరుగు రోజు ముప్పై రెండో కిలోమీటరు దగ్గర మెడికల్ టెంటులో సాయానికి వెళ్ళాను. ఎండ ఎక్కే వేళకు ఓబులేసు వచ్చాడు. పరుగు కాదు, తూలుతూ నడక. టెంటు ముందే వాంతి చేసుకున్నాడు. ఎవరో అమ్మాయి, పాపం, ఎండదెబ్బ అనుకుని గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని నోటి దగ్గరికి తీసుకుపోతుంటే వేళ్ళు చూశాను. వాచి ఉన్నాయి. ఉంగరం మాంసంలోకి దిగిపోయింది. గ్లాసు లాగేసుకున్నాను.

"దారిలో ఎన్ని తాగినావన్నా?"

"ఇచ్చినవన్నీ తాగినా."

"అన్నీ అంటే?"

"గ్లాసు నిండా పోసిస్తాండారు. కొన్ని తావుల రెండేసి. అందరూ రెండు గుక్కలు తాగి రోడ్డు మీద పారేస్తాండారమ్మా. మంచి నీళ్ళు! నా చేత కాలేదు. ట్యాంకరు కాడ కొట్లాడి తెచ్చిన నీళ్ళు పారబోస్తే మా యమ్మ వీపు పగలగొట్టేది. నీకు ఒట్టు గూడా వేసినా కదా."

డాక్టరు నా వైపు చూశాడు. దీన్ని హైపోనాట్రీమియా అంటారు. అతిగా నీళ్ళు తాగడంతో రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. ముదిరితే మెదడు వాచి ఫిట్స్ వస్తాయి, ప్రాణానికే ముప్పు. ఆస్పత్రికి పంపాలన్నాడు డాక్టరు.

"ఇంగ పది కిలోమీటర్లే కదమ్మా. నడిచి పోతా. నీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు ఓబులేసు.

ఆయన ఛాతీ మీది నంబరు చీటీకున్న పిన్నులు నా చేతులతోనే తీశాను. "మల్లా అదే పాయె," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నేళ్ళ వృత్తిలో నాకంత సిగ్గనిపించిన రోజు ఇంకొకటి లేదు.

ఆస్పత్రిలో కోలుకున్నాక, "తప్పు నాదన్నా," అని చెప్పాను.

"నీళ్ళు తాగమనేది తప్పెట్లయితాదమ్మా?" అన్నాడు.

రెండు నెలలు గడిచాక మళ్ళీ క్లినిక్‌కు వచ్చాడు. ఈసారి లాంగ్ రన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోమన్నాను. పరిగెత్తాక బరువు పెరిగిందంటే ఎక్కువ తాగినట్టు. దాహమైతేనే తాగమన్నాను, అదీ రెండు మూడు గుక్కలు, మిగిలింది పారబోయమన్నాను.

"పారబోసేది మాత్రం నా వల్ల కాదు."

"ఏమప్పా, ప్రాణం మీదికి వచ్చినా బుద్ధి రాలేదా?"

"ప్రాణం పోయినా పారబోయను. ఇంగేమన్నా చెప్పు." 

గంటసేపు వాదించాను. కడకు దారి ఆయనే కనిపెట్టాడు. గ్లాసు పెదాలకు తగలకుండా ఎత్తి పోసుకుంటాడట. ఎంగిలి కాదు గనక, మిగిలిన నీళ్ళు వెనకొచ్చేవాడికి ఇస్తాడట. పరిగెత్తుతూ ఎత్తి పోసుకుంటే పొలమారుతుంది, ఆగాలి, టైము పోతుంది అన్నాను. "పోనీ," అన్నాడు.

మరుసటి ఏడు నేను టెంటు పని ఒప్పుకోలేదు. ముప్పై రెండో కిలోమీటరు దగ్గర ఊరికే నిలబడి చూశాను. వచ్చాడు, ఆగాడు, గ్లాసు ఎత్తి రెండు గుక్కలు పోసుకున్నాడు. వెనకున్న కుర్రవాడికి అందిస్తూ, "ఎంగిలి కాలేదప్పా, తాగు," అన్నాడు. ఆ బెంగుళూరు పిల్లవాడికి ఏమర్థమైందో గానీ తీసుకుని తాగాడు. నేను ఆటో ఎక్కి ముగింపు గీత దగ్గరికి చేరుకున్నాను. పరుగు మొదలైనప్పటి నుంచి ఆరు గంటలే గడువు, కటాఫ్ అంటారు. ఆలోపు చేరనివాళ్ళు పూర్తి చేసినట్టు లెక్క కాదు. గడియారం చూస్తూ గోళ్ళు కొరుక్కున్నాను.

ఎనిమిది నిమిషాలు మిగిలుండగా గీత దాటాడు. రోడ్డు మీదే కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

"వచ్చే ఏడు మళ్ళీనా?" అన్నాను.

"ఇంగెందుకమ్మా? అయిపాయె కదా. మగ్గం మీద చీర ఉండాది," అన్నాడు.

ఆ తర్వాత మొదటిసారి పరిగెత్తబోయేవాళ్ళు చాలామంది నా దగ్గరికి వచ్చారు. భయపడొద్దని, మెల్లగా పోయినా నలభై రెండూ పూర్తవుతాయని ధైర్యం చెబుతాను. దూరం, వేగం, బూట్ల గురించి చెబుతాను. కానీ ముందు వాళ్ళను మాట్లాడిస్తాను: ఏ ఊరు, ఏం పని, ఇంటికి నీళ్ళెట్లా వస్తాయి. ఎవరికి చెబుతున్నామో తెలుసుకోకుండా చెప్పింది సగం సలహానే. నా సగం సలహాకు పది కిలోమీటర్లు పోగొట్టుకున్నది ఓబులేసు, నేను కాదు.