సుమిదా ఒడ్డున స్నానాల గది

కియోసాన్‌కు ఎనభై ఏడేళ్లు. పిడికెడు మనిషి. బుధవారం వచ్చిందంటే మాత్రం ఇద్దరు ఆడవాళ్లు పట్టినా ఆగేది కాదు. ఆ రోజు ఆమెకు తొట్టిస్నానం. గోళ్లతో రక్కేది, సబ్బు విసిరేది, జుట్టు చేతికి దొరికితే కుదుళ్లతో పీకేది. స్నానాల గది కిటికీ కిందనే సుమిదా నది. టోక్యో నడిబొడ్డున, రెండు సిమెంటు గోడల మధ్య, నిండుగా, చప్పుడు లేకుండా పారుతుంది.

ఆమెను చూసుకునే పిల్ల సుజాత. నర్మెట్ట పక్క తండాలో ట్రాక్టర్ నడిపే ధన్‌సింగ్ కూతురు. జనగామలో నర్సింగ్ చదివి, ఏడాది పాటు జపాను భాష నేర్చుకుని కియోసాన్ ఉండే వృద్ధాశ్రమంలో పనికి కుదిరింది. పుష్కరాలప్పుడు కాళేశ్వరంలో ఆమె చూసిన గోదారికి ఇసుక ఉంది, దిగడానికి మెట్లున్నాయి. ఈ నదికి దిగే చోటే కనిపించలేదు.

భాష క్లాసులో మర్యాద మాటలే నేర్పారు. ముసలివాళ్లు కోపంలో అరిచేవి ఏ పుస్తకంలోనూ లేవు. నీళ్లు తాకగానే కియోసాన్ "యాదా! యాదా!" అని కేకలు పెట్టేది. తండా భాషలో తల్లిని యాడీ అంటారు. సుజాత చెవికి అదే వినిపించింది. పాపం, ముసలామె చంటిపిల్లయిపోయి అమ్మను పిలుస్తోందనుకుంది. యాడీ, యాడీ అని తానూ సముదాయిస్తూ, రెండు చేతులా గట్టిగా వాటేసుకుని తొట్టిలోకి దించేది. ఎంత ప్రేమగా అదిమితే ముసలామె అంతగా తన్నేది. అలా నాలుగు నెలలు.

ఆ బుధవారం సాయం పట్టే మనిషి సెలవు. సుజాత ఒక్కతే. కియోసాన్ ఆమె ముంజేతిని పళ్లతో పట్టి వదల్లేదు. కండ తెగి తొట్టినీళ్లు ఎర్రబారాయి. సుజాత రెండో చేయి దానంతటదే లేచింది. ముసలామె చెంప మీద ఛెళ్లున పడింది. నాలుగు వేళ్లూ తేలాయి.

కింది అంతస్తులో పనిచేసే మనీషాది జనగామ దగ్గరి రఘునాథపల్లి. వచ్చి ఆరేళ్లయింది. కట్టు కడుతూ సంగతంతా విని నవ్వు ఆపుకోలేకపోయింది.

"యాడీ కాదే పిచ్చిదానా, యాదా! వద్దు అంటున్నది ముసల్ది. నువ్వేమో అమ్మా అమ్మా అనుకుంట ముంచుతున్నవ్!"

సుజాత నవ్వలేదు. "నాలుగు నెలల సంది వద్దంటున్నదా అక్కా?"

"మరి? ఫైల్ల ఆమె బిడ్డ రాసిచ్చిన కాయితం సదువలేదా?"

"గా బొమ్మలక్షరాలు నాకేడొస్తయి?"

మనీషా నవ్వు తగ్గింది. కాగితంలో ఉన్నది చెప్పింది. రెండో ప్రపంచయుద్ధం చివరి ఏడాది, విమానాలు నిప్పు కురిపించిన రాత్రి, ఒంటికి మంటలంటుకున్న జనం సుమిదాలో దూకారు. వాళ్ల మీద ఇంకా జనం, వాళ్ల మీద ఇంకా జనం. ఒకరినొకరు తొక్కుకుని, గీరుకుని చచ్చారు. ఏడేళ్ల కియోను తల్లి భుజాలకెత్తుకుంది. నీళ్లు తల్లి తలమీదికి వచ్చాయి. పిల్ల కాళ్ల కింద ఆమె కొట్టుకోవడం ఆగిపోయింది. కియో ఆ భుజాల మీదనే నిలబడి బతికింది.

"సరే, చెంప సంగతి ఎవ్వరు జూడలే గద? రిపోర్టుల నల్లా తగిలిందని రాయి," అంది మనీషా. "కొట్టినని రాసినవంటే వారంల ఫ్లైట్ ఎక్కిస్తరు. మళ్ల ఈ దేశం మొకం జూడవు. జర సోచాయించు."

కొట్టడమన్న మాట ఫోన్లో వెతుక్కుని, సుజాత మూడు వరుసలు రాసిచ్చింది. ఆశ్రమం ఇన్‌చార్జి చదివి కళ్లద్దాలు తీశాడు.

"అప్పుడు గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు," అంది సుజాత. "కియోసాన్."

తొమ్మిదో రోజు శంషాబాద్‌లో దిగింది. ధన్‌సింగ్ కళ్లు ముందు కట్టు మీద పడ్డాయి.

"ఎందుకు పంపిచ్చిండ్రు బిడ్డా?"

"కొట్టిన బాపు. ముసలామెను."

"మరి గీ కట్టేంది? ఆమె గూడ కొట్టింది గద!"

"కొట్టలే బాపు. వద్దన్నది."

ధన్‌సింగ్‌కు అర్థం కాలేదు. పెట్టె భుజాన వేసుకుని, జనగామ బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడానికి ముందు నడిచాడు.